కుర్మయ్య తోట

రెండోసారి విజిల్ ఊదితే గానీ ఆ కుటుంబం కదల్లేదు. దుప్పటి మడుస్తూ, మురుకుల పొట్లం కట్టుకుంటూ ఇంటాయన కుర్మయ్య వైపు కొరకొరా చూశాడు. పిల్లలు మాత్రం తలలెత్తి, దిగుతున్న విమానం పొట్టనే చూస్తున్నారు. కుర్మయ్య ముఖం తిప్పుకుని నీళ్ల పైపు పక్క మడిలోకి ఈడ్చాడు.

శంషాబాద్ విమానాశ్రయానికి పోయే రోడ్డు వంపులో ఉంది ఆ గడ్డి, ఎకరన్నర మేర. విమానాశ్రయం వచ్చి నాలుగేళ్లయినా జనానికి మోజు తీరలేదు. ఆదివారం వచ్చిందంటే అత్తాపూర్ నుంచీ, పాతబస్తీ నుంచీ స్కూటరుకు నలుగురు చొప్పున వచ్చి దిగేవారు. టికెట్టు లేదు, గేటు లేదు. నెత్తి మీదుగా విమానం పోతుంది. పిల్లల్ని తిప్పడానికి ఇంతకంటే చవకైన చోటు ఎక్కడ దొరుకుతుంది? గడ్డి పాడవుతుందని కాంట్రాక్టరు బెంగ. అందుకని నీళ్లు పెట్టడం, కలుపు తీయడంతో పాటు మనుషుల్ని లేపడం కూడా కుర్మయ్య పనే. నిజానికి అదే అసలు పని.

నలభై దాటిన మనిషి. మెడ ఎండకు కమిలిపోయింది, కాలి వేళ్ల సందులు తడికి తెల్లగా పాసిపోయాయి. తొడిగిన ఆకుపచ్చ చొక్కా ఆయనకు రెండు సైజులు పెద్దది. బయట నోరు లేని ఈ మనిషికి ఇంట్లో మాత్రం గొప్పలకు లోటు లేదు. "గా తోట మొత్తం నా చేతులనే ఉంది బిడ్డా. నేను లేకుంటే ఒక్క పువ్వు పుయ్యది" అని కూతురు శ్రీలతకు చెప్పేవాడు. ఆ పిల్ల అదంతా బడిలో చాటేది. విజిల్ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. పాపం, ఎలా ఎత్తుతాడు?

ఈ సాయంత్రమే శ్రీలత హాస్టలుకు పోతోంది. ఐదో తరగతి. ఇక దసరాకు గానీ రాదు. పోయేముందు ఒక్కటే అడిగింది: "బాపూ, నీ తోట జూస్త." పిల్లల్ని కుర్మయ్య ఇంతవరకూ ఎక్కడికీ తిప్పింది లేదు. అందరూ తిరిగే ఆదివారమే ఆయనకు పని ఎక్కువ. సూపర్‌వైజర్ దశరథం ఆదివారాలు నాలుగు దాటితే గానీ రాడు కదా అన్న ధైర్యంతో సరేనన్నాడు.

భార్య రేణుక, శ్రీలత, నాలుగేళ్ల జీవన్ షేర్ ఆటో దిగి, ఎండలో నడిచి వచ్చేసరికి మూడయింది. శ్రీలత రేకు పెట్టెను తల్లీ కూతుళ్లు చెరో పక్క పట్టుకున్నారు. ఆ పెట్టె చూసి దారిలో గార్డు సెల్యూట్ కొట్టాడట.

"ఇమానమెక్కెటోళ్లమనుకున్నడు!" అని రేణుక నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో.

శ్రీలత గడ్డి మీద అరచేయి ఆనించి చూసింది. "ఇదంత నువ్వే వెట్టినవా బాపూ?"

"మరెవలు వెడ్తరు? కూసోండ్రి. ఎవ్వడేమంటడో నేను జూస్త."

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకున్నాడు.

అవతలి మడికి పైపు మార్చి వచ్చేలోగా దశరథం బండి వచ్చి ఆగింది. ఇంకా మూడుంపావే. వెనక సీటు మీద కాంట్రాక్టరు.

"పెట్టెతోని కూసున్నోళ్లు ఎవలు? నీ వాళ్లా ఏంది?" అన్నాడు దశరథం.

నా బిడ్డ సార్, అనాలి. ఎంత మాట అది! కానీ నిరుడు తోటి పనివాడు ఈశ్వరయ్య తన వాళ్లను ఇక్కడే కూర్చోబెట్టుకున్నాడని మర్నాడే తీసేశారు.

"తెల్వదు సార్."

"మరి ఊదు."

ఊదాడు. రేణుక తల తిప్పి, బండి మీది మనుషుల్ని చూసి, కొంగు దులుపుకుని లేచింది. జీవన్‌కు ఏం తెలుసు? విజిల్ పట్టిన తండ్రిని చూసి కేరింతలు కొడుతూ, "బాపూ! బాపూ!" అని పరుగెత్తుకొచ్చాడు. కాంట్రాక్టరు ఇటు తిరిగాడు.

శ్రీలత నాలుగంగల్లో వచ్చి తమ్ముడి రెక్క పట్టుకుంది. తండ్రి ముఖంలోకి ఒక్కసారి చూసింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"కాదురా. గాయన మన బాపు గాదు. బాపు లెక్క ఉన్నడంతే. నడువు."

తల్లీ కూతుళ్లు పెట్టె ఎత్తుకుని రోడ్డెక్కారు. జీవన్ వెనక్కి చూసి చూసి ఏడుస్తూ పోయాడు. శ్రీలత ఒక్కసారీ తిరగలేదు. హాస్టలు బస్సు దాకా సాగనంపాల్సిన తండ్రి, వాళ్లు వంపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

"కాగితాలు గిట్ల ఉంటే ఏరి సంచిల వెయ్" అని చెప్పి దశరథం బండి కదిలించాడు.

వాళ్లు కూర్చున్న చోట నలిగిన గడ్డి ఇంకా లేవలేదు. అక్కడ నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఉంది. అందులో నలుగురికి తుంచిన సర్వపిండి రొట్టెలో మిగిలిన ఒక్క ముక్క, దాని మీద కాగితాన్ని మడిచి, గాలికి ఎగరకుండా శ్రీలత పెట్టిన గులకరాయి.