రెండో చెయ్యి

రావులపాలెం అరటి మార్కెట్లో పల్లంరాజుకు మొదట ఉన్నవి ఒక కొట్టు, వర్తక సంఘంలో ఒక ఓటు, పక్క కొట్టు సుధాకర్ స్నేహం. సంఘం బంద్ పెట్టిన రోజున, గెలలు మాగిపోతున్నాయని సుధాకర్ లారీకి ఎక్కించేశాడు. మర్నాడే మీటింగు.

"సుధాకర్‌ని మార్కెట్ నుంచి తీసేద్దామండి. వద్దనేవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు ప్రెసిడెంటు.

ఎవరైనా ఎత్తితే రెండో చెయ్యి తనదేనని పల్లంరాజు కాచుకున్నాడు. ఒక్కరూ ఎత్తలేదు.

బయట టీ తాగుతూ ఎదురు కొట్టు అబ్బులు పల్లంరాజుతో గొణిగాడు: "మీరెత్తుతారని చూశానండి."

"నేనూ అంతేనండి," అన్నారు మరో నలుగురు.

ఏడాది తిరిగేసరికి ఆ ఖాళీ కొట్టు పల్లంరాజుకే వచ్చింది. గెలలు మోయడానికి కూలికి వచ్చినవాడు సుధాకరే. ఒకప్పుడు "ఏరా రాజూ" అనేవాడు, ఇప్పుడు గెల భుజాన పెట్టుకుని, "ఎక్కడ దించమంటారండి?" అన్నాడు.

పల్లంరాజుకు మిగిలినవి రెండు కొట్లు, ఒక ఓటు, ఆ 'అండి'.