కొసరు వెయ్యకూడని చెంచా

నేను ఒక ప్లాస్టిక్ చెంచాని. నీలం రంగు, పొట్టి పిడి. అంచు దాకా పోస్తే యాభై గ్రాములు. అంచు దాటి పోస్తే ఎంతో నన్ను చేసినవాళ్లు ఎక్కడా రాయలేదు. రైతులు అంచు దాటరని వాళ్ల నమ్మకం. పాపం, ఊళ్లు చూడనివాళ్లు!

పాలు పెంచే పొడి డబ్బాలో పడుకుని సామ్రాజ్యమ్మ పశువుల పాకకి వచ్చాను. అమ్మకానికి కాదు, పరీక్షకి. ఊళ్లో ఇంటికొకటి చొప్పున పన్నెండు గేదెలకి మూడు నెలలు పొడి పెట్టి, పాలు పెరుగుతాయా, పశువుకి హాని ఉందా అని తేల్చాలట. పశువుల డాక్టరు వహీదా నా నెత్తిన పొడిని స్కేలుతో చదును చేసి, "రోజుకి ఒక్క చెంచా. ఇట్లా తలకొట్టి పెట్టాలమ్మా" అని చూపించింది.

సామ్రాజ్యమ్మ బుద్ధిగా తలూపింది. పాలు పోసినా, పిండి బదులిచ్చినా కొసరు వెయ్యకుండా చెయ్యి వెనక్కి తియ్యని మనిషి ఆవిడ. డాక్టరమ్మ గుమ్మం దాటగానే, "మా చుక్క గేదెకి తలకొట్టి పెట్టాలంట, చోద్యం కాకపోతే!" అంటూ నన్ను గోపురంలా నింపి, పైన ఇంకో గుప్పెడు కలిపింది. రోజూ అంతే.

పదోరోజుకి చుక్క మేత మానేసింది, పారుకుంది, లేవలేక కూలబడింది. దాని తల ఒళ్లో పెట్టుకుని, "నా చేతులారా పెట్టాను గదే తల్లీ" అని సామ్రాజ్యమ్మ ఏడ్చింది.

కంపెనీ మేనేజరు శేషగిరి కారు దిగి, గేదెని చూడకముందే జాబితాలో దాని నంబరు కొట్టేశాడు. "జబ్బు చేసినదాన్ని లెక్కలోకి తీసుకోం. మిగతా పదకొండూ భేషుగ్గా ఉన్నాయి." ఆహా, ఏం తెలివి! జబ్బు పడ్డవాటిని తీసేస్తే జబ్బు పడ్డవి ఉండవు మరి.

వహీదా మాత్రం, "రోజూ ఎట్లా పెట్టావో పెట్టి చూపించమ్మా" అంది. తూస్తే నూట ఇరవై గ్రాములు.

"తప్పు ఆవిడదేగా!" అన్నాడు మేనేజరు, ప్రాణం లేచొచ్చినట్టు.

"ఊళ్లో ఇట్లా కొలిచేవాళ్లు ఇంకా ఉన్నారండీ. రేపు కొనేవాళ్లలోనూ ఇట్లా పెట్టేవాళ్లు ఉంటారు. ఎక్కువైతే ఏమవుతుందో కూడా మనమే చెప్పాలి" అని, కొట్టేసిన నంబరు మళ్లీ రాసి, కొసరు సంగతంతా కింద ఒక పేజీ రాసిచ్చింది.

పొడి ఆపేసిన నాలుగోరోజుకి చుక్క లేచి నిలబడింది. పరీక్ష ముగిశాక కొత్త డబ్బాలు అంగట్లోకి దిగాయి. పైన 'పూర్తిగా సురక్షితం'. కింద ఎర్ర అక్షరాలతో 'ఇరవై శాతం కొసరు ఉచితం!' వహీదా రాసిన పేజీ మొత్తంలో మేనేజరుకి నచ్చింది 'కొసరు' అన్న ఒక్క మాటే.

ఆ డబ్బా కొన్న ప్రతి ఇంటికీ సామ్రాజ్యమ్మ నన్ను పట్టుకెళ్లింది. పొడి నింపి, నా నెత్తిమీద వేలితో గీసి, "దీనికి కొసరెయ్యబాకండే, గొడ్డు చస్తుంది" అని చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక కొసరు వద్దని ఆవిడ అనడం అదే మొదలని అందరూ నోళ్లు నొక్కుకున్నారు.

ఇప్పుడు నేను తవుడు తొట్టిలో ఉంటున్నాను. తవుడుకి కొసరు ఉంది.