ఛార్జర్ తీస్తే ఎంతసేపు

కీబోర్డు కింద ఎర్రలైటు వెలిగితే డిజైన్ బాగా వస్తుందా, నాకైతే తెలియదు, నా మొగుడు కిషన్‌లాల్ మాత్రం ఆ లాప్‌టాప్ మీదికి వంగి వంగి చూస్తున్నాడు, మణుగూరులో బొగ్గు లారీ తోలే మనిషి, ఏ యంత్రమైనా ముందు దాని బలం చూస్తాడు, దీని గ్రాఫిక్స్ కార్డే వేరన్నా అంటున్నాడు షాపులో రాంబాబు, అక్క ఎంత పెద్ద డిజైన్ పెట్టినా ఆగది, ఈ బడ్జెట్‌ల దీన్ని మించింది ఖమ్మం మొత్తం తిరిగినా దొరకది, అవ్, గదే గావాలె, మధ్యల ఆగొద్దు అంటున్నాడు నా మొగుడు, వీడియోలు చూసి చూసి ర్యామ్ అంటే ఏంటో నాకంటే బాగా నేర్చుకున్నాడు, పట్టుకొని చూడు చాందీ అంటే పట్టుకున్నాను, మణికట్టు గుంజింది, ఛార్జర్ చేతిలో పెడితే అదొక సగం ఇటుక, జర బరువుంది కదా అన్నాను, ఇద్దరూ నవ్వారు, నెత్తిన పెట్టుకొని మోస్తవా ఏంది అన్నాడు రాంబాబు, బల్ల మీద పెట్టేదానికి బరువెంతుంటే ఏందక్కా, నిజమే, బల్ల మీద పెట్టేదానికి బరువెంతుంటే ఏం.

ఆ బల్ల ఇంట్లో ముందే సిద్ధంగా ఉంది, టేకు చెక్కతో చేయించాడు, గోడకు ఆనించి వేయించి పైన ప్లగ్గుబోర్డు బిగించాడు, కుర్చీకి మెత్త కుట్టించాడు, ఎండాకాలం మిషన్ వేడెక్కుద్దని పక్కనే కూలరు, బూర్గంపాడులో మా వీధి ఆడవాళ్లు వచ్చి చూసి, పెట్టి పుట్టినవే చాందీ, గిట్ల చూసుకునే మొగుడు ఎవలకున్నడే అని వెళ్లారు, అవును, కొట్టడు, తాగడు, పెళ్లికి ముందు నేను వంతెన దాటి భద్రాచలం పోయి ఫ్లెక్సీ షాపులో పని చేసేదాన్ని, పుట్టినరోజులు, సంతాపాలు, గృహప్రవేశాలు, పెళ్లయ్యాక ఒకరోజు అన్నం తింటూ, గా షాపుల మగపిల్లల నడుమ ఎందుకు చాందీ, ఇంట్లనే సల్లగ కూసొని చేసుకో, కంప్యూటర్ నేను కొనిస్త అన్నాడు, ఎంత మెల్లగా అన్నాడంటే కంచంలో చారు పోసుకుంటూ సరే అనేశాను, తర్వాత చారు చల్లారింది కానీ ఆ సరే అట్లాగే ఉంది, ఇప్పుడు పొద్దున ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా గోడ, పాత సిస్టం ఆగి ఆగి నడుస్తుంటే ఆ గోడ సున్నంలో బీటలు చూస్తూ కూర్చుంటాను, అది పాడైంది, ఇది కొత్తది, గోడ మాత్రం అదే.

ద్వాలి యాడి ఏమంటుందో ఈ బరువు చూస్తే, మా లంబాడీలో యాడి అంటే అమ్మ, తండాలో మా అమ్మ ఇంటి పక్కనే ఉంటుంది, అద్దాల రవిక ఆమె కుట్టినట్టు ఇప్పుడు కుట్టేవాళ్లు లేరు, ఇక్కడ ఖమ్మంలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పెట్టిన నాగలక్ష్మి అక్క ఆ కుట్టును మిషన్ మీదికి ఎక్కించియ్యి చాందీ, నీ పేరు మీదనే అమ్ముత అంది, నేనేమో తెలివికి పోయి ద్వాలి రవికను ఫోన్లో ఫొటో తీసుకొచ్చి ఇంట్లో బల్ల ముందు కూర్చొని గీశాను, రంగులు సరిగ్గా వచ్చాయి, పూలు సరిగ్గా వచ్చాయి, మిషన్ మీద కుట్టించాక ఒక్క ఉతుకుకే అద్దాలన్నీ రాలిపోయాయి, కుట్ల వరస తప్పింది, ఏ దారం ముందు పోవాలో ఏది దాని మీద ఎక్కాలో ఫొటోలో కనపడదు, ద్వాలి పడీపడీ నవ్వింది, అద్దాన్ని ముందు నాలుగు దిక్కుల కట్టెయ్యాలెనే పిచ్చిదానా, నువ్వు సింగారం ముందు చేసి కట్టుడు మరిచినవ్ అంది, రవిక విప్పి ఇయ్యి యాడీ, ఇంటికి తీస్కపోయి చూసి గీస్త అంటే నా మీద కోపం చేసింది, ఒంటి మీది గుడ్డ ఊరు దాటదు, కావాలంటే నువ్వే వచ్చి నా పక్కన కూసో, నేను కుడుత, నువ్వు గియ్యి, తప్పు గీస్తే చెయ్యి మీద కొడత, అంతే, వేరే దారి లేదు, ఆమె కుట్టేది వాకిట్లో పందిరి కింద, చూపు ఆనాలి కాబట్టి పగటి వెలుగులోనే కుడుతుంది, పగలు అక్కడ కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది, పోతే పోతుంది, కుడికన్నుకు పొర వచ్చేసింది, ఎడమ కన్నుతో దారం ఎక్కిస్తోంది, ఆ కన్ను కూడా పోయేలోగా.

ఆ మూల పల్చటిది ఒకటుంది, బూడిద రంగుది, ఇదెట్ల పనిజేస్తది అన్నాను, రాంబాబు మొహం అదోలా పెట్టి, అది ఆఫీసోళ్లకక్కా, ఛార్జర్ తీసినా చానసేపు వస్తది గనీ పెద్ద డిజైన్ పెడితే జర మెల్లగ నడుస్తది అన్నాడు, మరి ఎర్రలైటుది ఛార్జర్ తీస్తే ఎంతసేపు, ఎందుకు తీస్తరక్కా, దానికి ప్లగ్గే ప్రాణం, నేను పల్చటిది చేతిలోకి తీసుకున్నాను, ఎంత తేలిక, ఎండలో బొమ్మ కనపడుతుందో లేదో చూడాలని అద్దాల తలుపు వైపు నడిచాను, వెనక నుంచి ఏదో గుంజింది, ఎవరూ ఎత్తుకుపోకుండా దాని అడుగున అతికించిన వైరు బల్లకే కట్టేసి ఉంది, కీచుమని మోత, షాపంతా తలలు తిప్పి నన్నే చూసింది, కిషన్‌లాల్ పరుగున వచ్చి నా చేతిలోంచి తీసుకొని, మా ఆమె జర అమాయకం అన్నా, ఏమనుకోకు అని నవ్వాడు, రాంబాబు నవ్వాడు, నేనూ నవ్వాను, నా నవ్వు నాకే వినిపించింది, అప్పుడు కిషన్‌లాల్ మా లంబాడీలోకి మారాడు, నన్ను ఒప్పించాలంటే మా మాటలోకి మారతాడు, నలుగురిలో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే అయిపోతుంది, ఎందుకే ఆ బక్కది, నీకు మంచిది కొనియ్యాలని కదా ఇంత దూరం తెచ్చాను, నీకోసమే కదా, నీకోసమే అన్నాక ఇంకేం మిగులుతుంది మాట్లాడటానికి.

ఎర్రలైటుదాన్ని అట్టపెట్టెలో పెడుతూ, ఎప్పుడూ అడిగేదే అన్నట్టు రాంబాబు అడిగాడు, అన్నా, అక్క ఇంట్లనే కూసొని చేస్తదా, బయటికి తీస్కపోతదా, ఇంట్లనే అన్నాడు కిషన్‌లాల్, నా వైపు చూడను కూడా చూడలేదు, దాచి అన్న మాట కాదది, నీళ్లు తాగినంత మామూలుగా అన్నాడు, ఇంట్లనే అయితే ఇదే కరెక్ట్ అన్నా, కళ్లు మూసుకొని తీస్కపో అన్నాడు రాంబాబు, అతను చెప్పింది తప్పు కాదు, ఆ జవాబుకు ఇదే సరైన లాప్‌టాప్, ఇప్పుడు నేను ఏడ్చి అలిగి ఆ పల్చటిదే కొనిపించుకున్నా అది కూడా పోయి ఆ బల్ల మీదే కూర్చుంటుంది, ప్లగ్గు అక్కర్లేకపోయినా గోడ పక్కనే కూర్చుంటుంది, ఇంట్లనే అన్న ఆ మాట అట్లా ఉన్నంతకాలం, టేపు సర్రుమంటూ పెట్టె మీద సగం దాకా వచ్చింది, ఇంట్ల కాదు అన్నాను, రాంబాబు చెయ్యి ఆగింది, మా మాటలో అనలేదు, అందరికీ వినపడేలా తెలుగులోనే అన్నాను, తండాకు పోయి ద్వాలి యాడి పక్కన కూసొని చేస్త, అక్కడ పందిరి కింద ప్లగ్గు ఉండది, పల్చటిదే ఇయ్యి అన్నా, మెల్లగ నడిస్తే నడవనీ, కిషన్‌లాల్ తల తిప్పాడు, అంత పెద్ద లారీ తోలే మనిషి కళ్లలో కోపం కనపడలేదు, దారి తప్పినవాడి చూపు అది, ఏమంటాడో తెలియదు, వద్దంటాడేమో, బస్సులో ఊరు చేరేదాకా మాట్లాడడేమో, కాదనే మొగుడని ఇన్నాళ్లూ లోపల్లోపల భయపడుతూ బతికాను, అతని నోటి నుంచి కాదు అన్న మాట ఒక్కసారైనా విన్నానా అని వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు, ఎట్లా దొరుకుతుంది, కాదనాల్సిన అవసరం అతనికి నేనెప్పుడూ రానిస్తే కదా.