నిలువుటంగీకి అంటుకున్న మాట

శాంతి చర్చలు చెడిపోవాలని ఆమె కోరుకునేది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, ప్రార్థనలో కూడా. బిషప్పుగారు తెల్లజెండా కట్టిన కారులో నది దాటిన ప్రతిసారీ, ఆయన వట్టి చేతులతో తిరిగి రావాలని లోలోపలే అనుకునేది. అవతలి గట్టు నుంచి వచ్చిన ఫిరంగి గుండు ఆమె తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది మరి.

బిషప్పుగారి ఇంట్లో బట్టలుతికి ఇస్త్రీ చేయడం ఆమె పని. యుద్ధం వచ్చాక పని పెరిగింది. చర్చల్లో ఎదుటివాళ్లు నోటిదాకా తెచ్చుకుని మింగేసిన మాటలు ఆయన నిలువుటంగీకి అంటుకునేవి. ఇస్త్రీ పెట్టె తగిలిందంటే ఆవిరితో పాటు పైకి లేచేవి. అందుకే నూనె మరకకి వేణ్ణీళ్లు, మింగిన మాటకి చన్నీళ్లు. ఉతకని అంగీ మీద పెట్టె పెట్టకూడదని ఆ ఇంట్లో కట్టడి.

"అన్న మాట మోసుకెళ్తానమ్మాయ్," అనేవారాయన. "అననిది నా చేతికివ్వలేదు కదా. సబ్బు నురగతో పోనీ."

ఆ ఉదయం చర్చలకి రమ్మని కబురు హఠాత్తుగా వచ్చింది. బయట హారన్ మోగుతోంది. వంటావిడ తలుపు తోసుకుని వచ్చింది.

"పక్కవీధి చర్చి పాస్టరుగారు అప్పుడే కారెక్కేశారు. ఆయనకీ మన అయ్యగారికీ ఏనాడూ పడదు. వీళ్లిద్దరూ ఒక సీట్లో కూర్చున్నాక ఆ సైన్యాలు కలవడం ఎంతలే. అంగీ ఏదే?"

"ఉతికింది ఆరలేదు పిన్నీ. ఇంకోటి మురికిది."

"పైపైన పెట్టె రుద్ది ఇచ్చెయ్. తూటాల మధ్యకి పోయే మనిషిని మురికెవరు చూస్తారు?"

ఆమె పెట్టె ఆనించింది. మొదట ఎవరో అధికారి గొంతు లేచింది. బూట్లు కరుస్తున్నాయి, ఈ ముసలాయన లేస్తే బాగుణ్ణు అని. చేతి అంచు దగ్గర లేచిన గొంతు మాత్రం బావది. అక్కని పెళ్లాడి అవతలి గట్టుకి తీసుకెళ్లిన బావ.

"అయ్యగారూ, మీ ఇంట్లో బట్టలుతికే పిల్ల మా మరదలు. వాళ్ల తమ్ముడు పోయాడని ఈ చర్చల్లో గుమాస్తాగా కూర్చున్నాకే విన్నాను. ఇంట్లో చెప్పడానికి నోరు రావడంలేదు. మా ఆవిడ ఇంకా వాడికోసం స్వెట్టరు అల్లుతోంది."

పెట్టె కింద గుడ్డ మాడబోయింది. ఆమె చటుక్కున ఎత్తింది.

చర్చల్లో మొట్టమొదట కుదిరింది ఫోన్ లైన్లే. అవి కలిసినప్పటి నుంచి అక్క ఫోన్ చేస్తూనే ఉంది. ఆ గట్టు మనిషితో నాకేం మాటలని ఆమె ఎత్తలేదు. అక్కకి తెలిసే ఉంటుందనుకుంది. తెలిసీ ఏడవలేదనుకుంది.

బిషప్పుగారు గుమ్మంలో నిలబడ్డారు. వేడి అంగీని చూశారు, ఆమె మొహం చూశారు.

"విన్నావా?"

"మా బావ అక్కడున్నాడని చెప్పలేదేం అయ్యగారూ?"

"చూసి పోల్చుకున్నాను గానీ, చెప్పమని అతను అడగలేదమ్మా." అంగీ తొడుక్కుంటూ ఆగారు. "నువ్వేమైనా చెప్పమంటే మోసుకెళ్తాను."

ఆమె ఆయన కాలరు సరిచేసింది, అవసరం లేకపోయినా.

"ఇది మీరు మోయకూడదు. మీరు వెళ్లిరండి."

కారు చప్పుడు దూరమైంది. ఆమె ప్లగ్గు పీకి, చేతులు తుడుచుకుంది. ముందు తమ్ముడి సంగతి చెప్పాలా, ముందు కాసేపు ఊరికే అక్కా అనాలా, తేలలేదు.

"పిన్నీ," అంది వంటగదివైపు తిరిగి, "హాల్లోకి ఎవర్నీ రానీకు. మా అక్కకి ఫోన్ చేస్తాను."