తోక సగమే ఉన్న సీసపు చేప

పక్షవాతం వచ్చాక నా కుడిచెయ్యి నాది కానట్టే ప్రవర్తిస్తోంది. గాలానికి ఎరగా కట్టే సీసపు చేపలను ఏళ్ల తరబడి పెరట్లో నేనే పోసుకునేవాణ్ని. ఇక నా వల్ల కాదనిపించి, అచ్చు తీసుకుపొమ్మని మారుతికి కబురు పెట్టాను. తాండవ రిజర్వాయరు గట్టున నా పక్కనే కూర్చుని గాలం వేసేవాడు అతను.

వస్తూనే పొయ్యి అంటించాడు.

"ఆఖరుసారి ఒకటి పొయ్యండి మాస్టారూ. మీ గుర్తుగా ఉంచుకుంతాను."

"నేనింకా బతికే ఉన్నాన్రా."

"గరిటె నాను పట్టుకోనేటి?"

"వద్దు."

కరిగిన సీసం ఒక్క ధారగా పడాలి. నా చెయ్యి వణికి, మధ్యలోనే ధార తెగింది. చల్లారాక అచ్చు విప్పితే చేపకు తోక సగమే ఉంది. అనుకున్నట్టే జరిగినందుకు లోపల ఎక్కడో తృప్తి కలిగింది. ఆ తృప్తికే భయపడ్డాను.

"మళ్లీ కరిగించెయ్," అన్నాను.

మారుతి వినలేదు. చేపకు దారం కట్టి నీళ్లతొట్టిలో లాగాడు. అది తిన్నగా రాలేదు. పక్కకు ఒరిగి, తేరుకుని, మళ్లీ ఒరిగింది.

"సూడండి, దెబ్బతిన్న సేపలాగే ఈదతంది! కొర్రమీను ఇలాటిదాని ఎనకే పడతాది. మీ సక్కని సేపల్ని ఏనాడైనా లెక్కసేసిందేటి?"

నవ్వొచ్చింది. దారం అందుకుని నేనూ లాగాను. చేప ఒరిగిన ప్రతిసారీ నా వేళ్లకు తెలిసింది.

"అచ్చు ఇక్కడే ఉండనీ," అన్నాను.

ఆకురాయితో అంచులు అరగదీశాను. కన్ను దిద్దుదామంటే రంగు డబ్బా మూత రాలేదు.

"మారుతీ, ఇది కాస్త తియ్యి."

ఇంత తేలిగ్గా అడగగలనని నాకే తెలియదు.