అడుగుతో సహా

మెర్విన్ టోల్‌హర్స్ట్ గడ్డి కోసే యంత్రాన్ని మళ్లీ వెనక్కి తిప్పాడు. బంతులు దొర్లించే బౌల్స్ ఆట క్లబ్బు పచ్చిక అతని చేతిలో తివాచీలా ఉండేది. ఇంటి పెరడు మాత్రం అడవి. భార్య ఉన్నన్నాళ్లూ ఆ మాట రోజూ అనేది. ఇప్పుడు అనేవాళ్లు లేరు కనుక అడవి ఇంకా బలిసింది. క్వీన్స్‌లాండ్ ఎండకు మెడ పాత తోలులా ముడతలు పడింది. చొక్కా ఈమధ్య కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఒక వరస కోయడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ కోయడం.

కంచె పక్కన క్లిఫ్ పెన్‌రోజ్ భుజం వెనక నల్లమచ్చ గోక్కుంటున్నాడు. పెళ్లిళ్లకు ముందునుంచీ ఇద్దరిదీ ఒకే జట్టు.

"ఇవాళ దీన్ని పైపైన చెక్కించుకొచ్చేస్తా. శనివారం పోటీ ఉందిగా."

"చెక్కించుకుంటే నీ తల పగలగొడతా."

"కుట్లేస్తే చెయ్యెత్తొద్దంటారు. నువ్వూ చెక్కించుకున్నోడివేగా!"

"అందుకే చెబుతున్నా."

ఆ ఊళ్లో మచ్చ తీయించుకోవడం క్షవరంతో సమానం. టీ వేళకు వెళ్లి, పని వేళకు వచ్చేయాలి. మెర్విన్ కూడా అప్పట్లో కోత పని మానలేక, కుట్లు వద్దని డాక్టరుతో పోట్లాడి, వీపు మీది మచ్చ చెక్కించుకున్నాడు. అది మెలనోమా అనే చర్మ క్యాన్సరని తేలింది. కత్తి దాని నడుమగా పోయింది. లోతు కొలుద్దామంటే ముక్కకు అడుగు లేదు. ఆ లోతును బట్టే తర్వాతి వైద్యం. అతనికి అంచనా మీద చేశారు. ఇప్పుడు జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది. మొత్తం తీసి ఉన్నా ఇంతే అయ్యేదేమో అన్నారు. ఆ 'ఏమో' ఒక్కటే అతనికి ముద్ద దిగనివ్వలేదు.

యంత్రం ఆపి, క్లిఫ్‌ని తానే కారెక్కించి క్లినిక్‌కు తీసుకెళ్లాడు.

"డాక్టరమ్మా, వీడి మాట వినకండి. మచ్చ మొత్తం తీయండి, చుట్టూ కాస్త మంచి చర్మంతో, అడుగుతో సహా."

డాక్టర్ ఇంగ్రిడ్ మచ్చ మీద భూతద్దం పెట్టింది. "నేను చేయబోయేదీ అదే. ఆయన నోటికి మీరు యజమానా?"

"వీడి పెళ్లాం వద్దని వదిలేసిన నోరమ్మా. నేను తీసుకున్నా."

"మరి శనివారం?" అన్నాడు క్లిఫ్.

"నీ బదులు నేనాడతా."

"నువ్వు బంతే ఎత్తలేవురా."

"దొర్లిస్తా. ఈ ఆటలో చేసేది అదేగా."

క్లిఫ్ గొణుగుతూ బల్ల మీద బోర్లా పడుకున్నాడు. తలుపు మూసేదాకా చూసి గానీ మెర్విన్ కదల్లేదు. బయటి గదిలో జనం పెరుగుతున్నారు. కిటికీ పక్కన కూర్చుని, టోపీ తీసి పక్క కుర్చీలో పెట్టాడు. ఒకాయన కూర్చోబోతే, "మావాడొస్తాడు," అన్నాడు. తర్వాత తల కిటికీ అద్దానికి ఆన్చాడు.

క్లిఫ్ భుజాన కట్టుతో బయటికొచ్చాడు. "తీసేసిందిరా, మొత్తం. లోతెంతో ఈసారి సరిగ్గా చెబుతారట. సంతోషమేనా? లే, పోదాం."

మెర్విన్ లేవలేదు. క్లిఫ్ మళ్లీ పిలిచాడు, ఈసారి మెల్లగా. నర్సు వచ్చి నాడి కోసం మణికట్టు పట్టుకుని చాలాసేపు వదలలేదు.

పక్క కుర్చీలో, చెమటకు అంచు పసుపెక్కిన టోపీ ఇంకా చోటు కాస్తూనే ఉంది.