మచ్చల ఆవు కన్న నల్లదూడ

తొకాచి పల్లెల్లో ఫిబ్రవరి అంటే పాలడబ్బా ముట్టుకుంటే వేలు అతుక్కుపోయే చలి. ఆ చలిలోనే ఇకుయొ అత్తింటి మచ్చల పాడి ఆవు ఈనింది. దాని కడుపున పెరిగింది దాని బిడ్డ కాదు, పశువుల డాక్టరు తెచ్చి పెట్టిన మేలైన నల్ల మాంసపు జాతి పిండం. పుట్టిన దూడ బొగ్గులా నల్లగా, ఓ పెద్ద కుక్కంతే ఉంది.

"మళ్ళీ ఇదే తంతు," అన్నాడు మామగారు గెన్‌జొ. "పోయినేడు రెండిటినీ పాతిపెట్టాం. మన కొట్టంలో ఈ నల్లవి బతకవమ్మా. ఇక పిండాలు వద్దని డాక్టరుకి చెప్పేస్తా."

"దీని సంగతి చూశాక చెప్పండి మామయ్యా," అంది ఇకుయొ.

భర్త ర్యూజి తలవంచుకుని పాలు పితుకుతున్నాడు. వాళ్లిద్దరి మధ్యా దూరడం అతనికి అలవాటు లేదు.

పోయినేటి దూడలు ఎందుకు పోయాయో ఇకుయొ ఏడాదంతా ఆలోచించింది. పాడి ఆవుకి పాలు పొంగిపొర్లుతాయి. చిన్న దూడలు పొట్ట పగిలేలా తాగి, విరేచనాలు పట్టి పారుకున్నాయి, ఆపైన చలి కొట్టింది. అందుకే ఈసారి దూడని పొడిగుడ్డతో రుద్ది, వెచ్చటి ముర్రుపాలు సీసాతో పట్టింది. ర్యూజి పాత దూది కోటు కత్తిరించి దానికి చొక్కా కుట్టింది. తర్వాత కొద్దికొద్దిగా, చాలాసార్లు పాలు పట్టసాగింది.

"ఇంట్లో నాకే ఇన్నిసార్లు టీ రాదు," అన్నాడు గెన్‌జొ.

"మీకు పారుకోవడం లేదుగా మామయ్యా."

ర్యూజి ఆవు వెనకాల నవ్వాపుకోలేక దగ్గాడు.

అయినా రెండో వారంలో దూడ పారుకోనే పారుకుంది. చెవులు చల్లబడ్డాయి. పాలు మాన్పించమన్నాడు గెన్‌జొ. ఆమె మాన్పించలేదు, మధ్యమధ్య గోరువెచ్చటి ఉప్పు చక్కెర నీళ్లు పట్టింది. కొన్నాళ్లకి ఓ ఉదయం దూడ సీసా కోసం ఎగబడి, తలతో ఒక్క పోటు పొడిచి ఆమెని గడ్డిలో పడేసింది. ఇకుయొ అక్కడే కూర్చుని దాని మెడ వాటేసుకుంది.

గుమ్మంలోంచి గెన్‌జొ అది చూశాడు. మర్నాటికల్లా గాలి కొట్టే గోడ పొడుగునా గడ్డిమోపులు పేర్చేశాడు. అడిగితే, తన నడుముకి గాలి తగులుతోందన్నాడు.

మళ్ళీ మంచు పడేలోగా దూడల సంతకి తీసుకెళ్లారు. తూకం బోర్డు మీద వాళ్ల దూడ బరువు వెలగగానే వరసలోని వాళ్లంతా తలలు తిప్పారు. నల్లతల్లుల దగ్గర పెరిగిన దూడలు కూడా దాని బరువుకి రాలేదు. వేలంలో ఇద్దరు చివరిదాకా పట్టు విడవలేదు.

వేలం అయ్యాక, నల్లజాతిని తరాలుగా పెంచే ఓ పెద్దాయన వచ్చి దాని వీపు నిమిరాడు. "ఎంత చక్కగా ఉంది ఈ వెన్ను. తల్లి ఎవరింటిదమ్మా?"

"మా మచ్చల పాడి ఆవండి."

"వేళాకోళమా?"

గెన్‌జొ ముందుకొచ్చాడు. "వేళాకోళం కాదు. కన్నది మా ఆవు. పెంచింది మా కోడలు. అనుమానముంటే మా కొట్టానికి వచ్చి చూసుకో."

ఇంటికెళ్తూ బండిలోనే డాక్టరుకి ఫోన్ చేశాడు. ఈసారి ఆరు ఆవులకి నల్లజాతి పిండాలు ఎక్కించమన్నాడు.

"ఆరా? నాకున్నవి రెండు చేతులే మామయ్యా," అంది ఇకుయొ, కళ్లు తుడుచుకుంటూ.

"అయితే సీసా ఎలా పట్టాలో రేపే నాకు నేర్పు," అన్నాడు గెన్‌జొ.